నోరాకు బల్ల మీద చోటు

ఎండుటాకులు కదులుతున్నాయి.

వాకిట్లో సిమెంటు దారి మీద... తట్టలో పోసిన ఎండ్రకాయలు ఒకదాని మీద ఒకటి పాకినట్టు — ఒకటే గరగర.

గాలి ఆగితే ఆగుతాయి. గాలి లేస్తే లేస్తాయి.

ఈ ఇంటి ముందు ఆకుల్ని జ్ఞానవతి ఊడ్చేసింది. పక్కింటి ముందు ఆకులు మెట్ల దాకా పేరుకుపోయాయి. మూడు వారాలుగా ఆ మెట్లు ఎవరూ ఎక్కలేదు. ఎవరూ దిగినట్టూ లేదు.

ఆ తలుపు మూసుకుంది జ్ఞానవతి అన్న ఒక్క మాటకే.

ఒక్క మాట. అన్నం మెతుకంత మాట. నోట్లోంచి జారింది, అంతే — మళ్లీ నోట్లోకి రాదు కదా.

జ్ఞానవతికి అరవై తొమ్మిదేళ్లు. రేపల్లె పక్క పల్లెలో పుట్టింది. చదువు మూడో తరగతి. బైబిలు వేలు పెట్టి చదువుకుంటుంది, రాయాలంటే మాత్రం చెయ్యి వణుకుతుంది. మిషను హాస్టల్లో ముప్పై ఏళ్లు వంట చేసింది. ఏ పిల్ల ఏ ఏడు ఏ కూర వద్దందో ఇప్పటికీ చెప్పగలదు. ఆరేళ్ల కిందట కూతురు ఎమిలీ పిలిస్తే కెనడా వచ్చింది. కేంబ్రిడ్జ్ అనే ఈ ఊళ్లో, ఫ్యాక్టరీలకీ గోడౌన్లకీ నడుమ ఈ వీధిలో, కూతురు, అల్లుడు డేవిడ్‌సన్, మనవరాలు స్టెఫీ — ఇదీ ఆమె లోకం.

ఇంకొకరు కూడా ఉన్నారు. పక్కింటి బ్రైడీ.

ఐర్లాండు మనిషి. డెబ్బై నాలుగేళ్లు. భర్త పోయాడు, పిల్లలు లేరు. తెల్లటి జుట్టు, నీలం కళ్లు, గట్టి చేతులు. జ్ఞానవతి ఆమెను బ్రైడమ్మ అంటుంది. ఆమె జ్ఞానవతిని జానా అంటుంది. ఈమెకు ఇంగ్లీషు రాదు, ఆమెకు తెలుగు రాదు. అయినా కంచెకు అటొకరు ఇటొకరు నిలబడి గంటలు గంటలు మాట్లాడుకునేవారు. అర్థం కాని చోట పద్నాలుగేళ్ల స్టెఫీ మధ్యలో నిలబడేది.

వేసవిలో జ్ఞానవతి గోంగూర వేస్తే బ్రైడీ నీళ్లు పోసేది. బ్రైడీ రొట్టె కాలిస్తే సగం ఈ ఇంటికి వచ్చేది. ఆ రొట్టె ఇటుకలా ఉంటుందని జ్ఞానవతి, ఆ గోంగూర నాలుక కోస్తుందని బ్రైడీ. ఇద్దరూ చెప్పుకునేవారు, ఇద్దరూ నవ్వుకునేవారు, ఇద్దరూ తినేవారు.

అలా ఉండేది.

అక్టోబరు మొదట్లో ఒక సాయంత్రం. చెట్టు ఇంకా ఎర్రగా ఉంది. బ్రైడీ ఇంటి మెట్ల మీద ఇద్దరూ టీ తాగుతున్నారు, నడుమ స్టెఫీ. బ్రైడీ మెల్లిగా చెప్పింది. తనకొక చెల్లెలు ఉండేదట. నోరా. యాభై ఏళ్ల కిందట ఇద్దరూ ఐర్లాండు నుంచి ఇంగ్లండులో ఒక పెద్ద ఊరికి పనికి వెళ్లారట. అక్కడ ఒక పబ్బులో ఎవరో బాంబు పెట్టారట. నోరా ఆ పబ్బులో ఉందట. పంతొమ్మిదేళ్లట.

స్టెఫీ ఒక్కో ముక్కా తెలుగులో పెట్టింది. జ్ఞానవతి విన్నది. విని, అయ్యో అనాలి కదా. చెయ్యి పట్టుకోవాలి కదా.

అనలేదు. పట్టుకోలేదు.

"ఆడపిల్లకి సారా కొట్టులో ఏం పని?" అంది.

స్టెఫీ చిన్నపిల్ల. మాటను మాటలాగే దాటించింది.

బ్రైడీ కప్పు కింద పెట్టింది. లేచింది. లోపలికి వెళ్లింది. తలుపు వేసిన చప్పుడు కూడా రాలేదు... అంత నెమ్మదిగా వేసుకుంది.

మెట్ల మీద రెండు కప్పులు. ఒకదాంట్లోంచి ఇంకా ఆవిరి వస్తోంది.

మరి ఎందుకన్నది ఆ మాట?

జ్ఞానవతికి తెలిసిన తాగుడు వేరు. ఆమెకు తెలిసిన కొట్టు వేరు. తాటాకు పాక, ఒక బల్ల, సారా పాకెట్లు, బయట కాలవ. అందులోకి ఆడది అడుగుపెట్టేది ఒక్కందుకే — మొగుణ్ణి ఈడ్చుకురావడానికి. ఆమె మొగుడు యోహాను మంచివాడే. పాట పాడితే గుడి నిండేది. ఆ పాటే ఆఖరికి కొట్టు ముందు వినిపించేది. ఒక తెల్లవారుజామున ఆ పాట కూడా వినపడలేదు. కాలవలో బోర్లా పడి ఉన్నాడు. జ్ఞానవతే లాగింది. జ్ఞానవతే ముఖం కడిగింది. బురద ముక్కులోకి కూడా పోయింది... అదీ ఆమే తీసింది.

పాదిరిగారు దయగల మనిషి. సమాధి రాయి మీద "ప్రభువునందు నిద్రించెను" అని రాయించారు. ఎమిలీకి అప్పుడు తొమ్మిదేళ్లు. పెళ్లినాటికి ఆ నిద్ర గుండెపోటయింది. అల్లుడికి అదే తెలుసు. అల్లుడి వాళ్లందరికీ అదే తెలుసు. తల్లీ కూతుళ్లిద్దరికీ మాత్రం కాలవ తెలుసు. ఇద్దరూ దాని గురించి మాట్లాడుకోరు.

ఆ తర్వాత ఊళ్లో ఆడవాళ్లంతా సారా మీద లేచినప్పుడు జ్ఞానవతి ముందు వరసలో ఉంది. రోకలి పట్టుకుని వెళ్లింది. కుండలు పగలగొట్టింది. ఆ రోజు చేతికి తగిలిన పెంకు గీత ఇంకా ఉంది.

అందుకని కొట్టు అంటే కొట్టే. బారన్నా, పబ్బన్నా, ఏ దేశపు పేరు పెట్టినా — కాలవ పక్కన ఉండేదే.

అలా అనుకుంది.

స్టెఫీ రెండు రోజులు అమ్మమ్మతో మాట్లాడలేదు. మూడో రోజు వంటింట్లోకి వచ్చి నిలబడింది. ఆ పిల్లకు తెలుగు వస్తుంది గానీ కోపం మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది.

"యూ కాంట్ సే దట్, అమ్మమ్మా. షీ వాజ్ నైన్టీన్."

తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని, బ్రైడీ తనకు ఎప్పుడెప్పుడో చెప్పినవన్నీ చెప్పింది. తెలుగులో కొంత, ఇంగ్లీషులో కొంత. జ్ఞానవతి పొయ్యి ఆపేసి విన్నది.

నోరా బిస్కెట్ల ఫ్యాక్టరీలో పని చేసేది. బ్రైడీ ఆసుపత్రి బట్టలు ఉతికే చోట. అద్దె గదిలో ఇద్దరికీ ఒకటే మంచం. ఆ సాయంత్రం చలిగా ఉంటే నోరా అక్క కోటు వేసుకుని వెళ్లింది. కోటు జేబులో బ్రైడీకి అమ్మ రాసిన ఉత్తరం ఉంది.

ఎవరో ఒకడు ఒక సంచి తెచ్చాడు. బల్ల కింద పెట్టాడు. వెళ్లిపోయాడు.

ఫోను చేసి చెప్పారట, బాంబు ఉందని. నాలుగు నిమిషాల ముందు.

నాలుగు నిమిషాలు. పాలు కూడా పొంగవే నాలుగు నిమిషాల్లో. గంజి కూడా వంచలేమే. నిండుగా ఉన్న హాల్లోంచి ముసలీ ముతకా లేచి, కోట్లు వెతుక్కుని, ఒకరినొకరు పిలుచుకుని, ఒక్క తలుపులోంచి బయటపడాలట. పైగా ముందే చెప్పాం కదా అని తర్వాత వాదించారట.

చెప్పారట... ఎంత ధర్మాత్ములో.

జేబులో ఉత్తరం చూసి, చనిపోయింది బ్రైడీయే అనుకున్నారు. ఐర్లాండుకు కబురు వెళ్లింది. తల్లి ఒక రోజంతా బ్రైడీ కోసం ఏడ్చింది. మర్నాడు బ్రైడీ స్వయంగా ఫోను చేసింది — అమ్మా, నేను ఉన్నాను. ఆ తల్లి ఒక్క క్షణం సంతోషించింది. ఒక్క క్షణమే. అంతలో అర్థమైంది — అయితే ఆ కోటులో ఎవరు?

ఆ ఒక్క క్షణపు సంతోషాన్ని ఆ తల్లి చచ్చేదాకా క్షమించుకోలేదట.

అక్కడితో అయిందా. కాలేదు. బాంబు పెట్టింది ఇంగ్లండు మీద పోరాడే ఐర్లాండు వాళ్లని తెలిసి ఆ ఊరంతా ఐర్లాండు మాట వినపడితే చాలు మండిపడింది. పనిలో ఆడవాళ్లు బ్రైడీ పక్కన కూర్చోవడం మానేశారు. ఇంటావిడ గది ఖాళీ చెయ్యమంది. బస్సు దగ్గర ఒకాయన ఆమె మీద ఉమ్మేశాడు. బాబూ, చచ్చింది నా చెల్లెలే అని చెప్పడానికి నోరు తెరిస్తే... ఆ యాసే నేరం.

దేశం కోసమని బాంబు పెట్టిన వాళ్లు ఆ దేశపు పిల్లనే చంపారు. బాంబుకు ఏడ్చిన ఊరు ఆ పిల్ల అక్క మీదనే ఉమ్మింది. నడుమ బ్రైడీ ఓడెక్కి ఇంత దూరం వచ్చింది. యాభై ఏళ్లు నోరెత్తలేదు. ఆఖరికి ఒక సాయంత్రం, టీ కప్పు పట్టుకుని, పక్కింటి మనిషిని నమ్మి చెప్పింది.

పక్కింటి మనిషి ఏమంది?

జ్ఞానవతి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. స్టెఫీ లేచి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. పొయ్యి మీద చారు చల్లారిపోయింది.

మూడు వారాలు గడిచాక ఒక శనివారం మధ్యాహ్నం జ్ఞానవతి స్వెట్టరు మీద శాలువా కప్పుకుంది. నన్నొక పబ్బుకు తీసుకెళ్లవే అంది స్టెఫీతో. స్టెఫీకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బస్సెక్కి నది ఒడ్డుకు వెళ్లారు. అక్కడ పాత రాతి కట్టడాల వరసలో ఒక పబ్బు ఉంది.

తలుపు దగ్గర కాళ్లు ఆగాయి. రోకలి పట్టుకున్న రోజు కూడా ఆగని కాళ్లు. తల మీద కొంగు లాక్కుని లోపలికి నడిచింది.

లోపల చేపల వేపుడు వాసన.

ఎత్తు కుర్చీలో ఒక పసివాడు బంగాళదుంప ముక్క చీకుతున్నాడు. ఇద్దరు ముసలివాళ్లు ఏదో ఆట గురించి బల్ల గుద్ది వాదించుకుంటున్నారు. ఒకామె కిటికీ దగ్గర ఊలు అల్లుకుంటోంది, ముందు సగం గ్లాసు. ఎవరో కొత్తవాడు వస్తే నలుగురు జరిగి చోటిచ్చారు. జ్ఞానవతికి టీ ఒక పింగాణీ కుండలో వచ్చింది, చల్లారకుండా పైన ఊలు టోపీతో.

కాలవ లేదు. బోర్లా పడ్డవాడు లేడు.

ఇది కొట్టు కాదు. ఇది అరుగు. మన ఊళ్లో సాయంత్రం పూట నలుగురు చేరి వాళ్లవీ వీళ్లవీ చెప్పుకునే అరుగు. పరాయి ఊళ్లో పనికి పోయిన పిల్ల తన భాష వినపడే చోటు వెతుక్కుని వచ్చింది. అంతే. ఆదివారం ఆదివారం జ్ఞానవతి చర్చి బేస్‌మెంటులో తెలుగువాళ్లు కూడే ఫెలోషిప్‌కు ఎందుకు పరిగెడుతుంది? అందుకే కదా.

తాగిందేమో కూడా. నవ్విందేమో కూడా. అయితే? తాగినవాళ్లని చంపొచ్చని ఎవరు చెప్పారు? హైదరాబాదులో చాట్ కొట్టు దగ్గర బాంబు పేలినప్పుడు హాస్టలు టీవీ ముందు కూర్చుని అందరం ఏడ్చాం. సాయంత్రం పూట చాట్ తినడానికి ఎందుకు వెళ్లారని ఒక్కరన్నా అడిగారా?

అలా అనుకుంటూ అనుకుంటూ జ్ఞానవతి ఉన్నట్టుండి ముందుకు వంగింది. మోకాలు కలుక్కుమంది. అయినా వంగి, బల్ల కిందకు తల పెట్టి చూసింది.

"అమ్మమ్మా, వాట్ ఆర్ యూ డూయింగ్?"

దుమ్ము. ఒక పల్లీ గింజ. ఎవరిదో పసివాడి చేతి తొడుగు. ఇంకేం లేదు.

ఒక సంచి పట్టేంత ఖాళీ.

అంటే వాడు ఇలాగే వచ్చి కూర్చున్నాడన్న మాట. ఇలాగే ఏదో తెమ్మన్నాడన్న మాట. మడమతో సంచిని లోపలికి నెట్టాడు. నెట్టి తల ఎత్తాడు. ఎత్తితే ఏం కనపడింది? ఎదురుగా పిల్లలు కనపడ్డారు. అక్క కోటులో ఒక పిల్ల కనపడింది. ముఖం చూశాడు. పళ్లు చూశాడు. ఆ నవ్వు చెవిన పడింది.

చూసి... లేచి వెళ్లాడు.

పామైనా తొక్కితే కరుస్తుంది. వీణ్ణి ఎవరు తొక్కారు? ఆ పిల్ల తొక్కిందా? ఆ ఊలు అల్లుకునే ఆమె తొక్కిందా? ఎక్కడో ఎవరో ఏదో చేశారని... చేశారేమో, కాదనడానికి జ్ఞానవతికి ఆ దేశపు గొడవలు తెలియవు. చేసినవాడి తలుపు తట్టే ధైర్యం లేక బిస్కెట్ల పిల్ల బల్ల కింద సంచి పెడతావా? పెట్టి దానికి దేశమని పేరు పెడతావా?

టీ చల్లారింది. జ్ఞానవతి తాగకుండానే లేచింది.

మర్నాడు పొద్దున్నే జ్ఞానవతి వెళ్లి బ్రైడీ మెట్ల మీద ఆకులు ఊడ్చింది. పై మెట్టు నుంచి కింది మెట్టు దాకా. బెల్లు కొట్టలేదు. ఊడ్చి, చీపురు పక్కన పెట్టి నిలబడింది. చలికి ముక్కు కారుతోంది. ఇంటి దగ్గర స్టెఫీ చేత పది సార్లు చెప్పించుకున్న మాటలు నోట్లో పట్టుకుని నిలబడింది.

ఎంతసేపో.

తలుపు తెరుచుకుంది.

"ఐ సెడ్ రాంగ్," అంది జ్ఞానవతి. "నోరా గుడ్ గర్ల్. ఐ సెడ్ రాంగ్."

బ్రైడీ ఆమెను చూసింది. లోపలికి వెళ్లింది. తలుపు మాత్రం తెరిచే ఉంచింది. తిరిగి వచ్చినప్పుడు చేతిలో ఒక చిన్న ఫోటో ఉంది. పక్కపాపిడి, కాస్త ఎత్తు పళ్లు, ఎవరో పిలిస్తే అప్పుడే తిరిగినట్టున్న ముఖం.

జ్ఞానవతి ఆ ఫోటోను రెండు చేతులా అందుకుంది. అందుకుని ఏం చేసిందంటే — ఎవరినీ అడక్కుండా మాట ఇచ్చేసింది.

నవంబరు రెండున సమాధుల పండుగ. రేపల్లె వైపు ఆ రోజు సమాధులకు సున్నాలు వేసి, బంతిపూలు పెట్టి, సందెవేళ కొవ్వొత్తులు వెలిగిస్తారు. సమాధుల తోటంతా దీపాలే. ఇక్కడ సమాధులెక్కడివి? అందరి సమాధులూ సముద్రాలకు అవతల. అందుకని ఫెలోషిప్ వాళ్లు ఆ వారపు ఆదివారం బేస్‌మెంటులో ఒక పొడవాటి బల్ల వేస్తారు. ఎవరి ఇంటి మనిషి ఫోటో వాళ్లు తెచ్చి పెడతారు. సంఘ పెద్ద ఒక్కో పేరు చదువుతారు. చదివిన ప్రతి పేరుకూ ఆ ఇంటివాళ్లు లేచి ఒక కొవ్వొత్తి వెలిగిస్తారు.

నోరా ఫోటో ఆ బల్ల మీద పెడతాం, నువ్వు రా, నీ చేత్తో వెలిగించు అని స్టెఫీ చేత చెప్పించింది. బ్రైడీ కళ్లు తుడుచుకుంది. ఐర్లాండు వాళ్లు ఆ పేరును తమ పోరాటం చాటున దాచారు. ఇంగ్లండు వాళ్లు ఒక రాతి మీద పాతిక పేర్ల మధ్య చెక్కారు. నోరా ఒక్కతి కోసం నలుగురు కూర్చుని పేరు చదవడం... ఎప్పుడూ జరగలేదు. వస్తానంది.

ఇచ్చిన మాట ఇలా ఉంటే, సంఘ పెద్ద ప్రేమానందం గారి మాట ఇంకోలా ఉంది.

ప్రేమానందం గారు రాజమండ్రిలో లెక్కల మాస్టారు. రిటైరై కొడుకు దగ్గరకు వచ్చారు. చెడ్డవాడేం కాదు. జ్ఞానవతి మంచు మీద జారి పడ్డప్పుడు ఆసుపత్రిలో ఆరు గంటలు తోడు కూర్చున్న మనిషి. జ్ఞానవతి ఫోను చేసి నోరా సంగతి చెబితే ఆయన నెమ్మదిగానే అన్నారు.

"జ్ఞానవతమ్మ గారూ, మీ మనసు నాకు తెలుసండి. కానీ ఆ బల్ల ప్రభువునందు నిద్రించినవాళ్ల కోసం. బారులో పోయిన పిల్లని అక్కడ పెడితే, మన పిల్లలు చూస్తారు కదా... ఆడపిల్లకి అక్కడేం పని అని అడిగితే ఏం చెబుతాం?"

జ్ఞానవతి ఫోను పెట్టేసింది.

అది ఆమె మాటే. చోటు పేరు తప్ప ఏం మారలేదు.

ఎమిలీ ఉద్యోగం నుంచి వచ్చి విషయం విన్నది. వదిలేయమ్మా, ఇంకెక్కడన్నా కొవ్వొత్తి పెట్టుకుందాం, ఇంట్లో పెట్టుకుందాం అంది. ఆమె చెప్పింది సబబే. ఇంట్లో పెట్టుకోవచ్చు. యాభై ఏళ్లుగా బ్రైడీ పెట్టుకున్నది ఇంట్లోనే కదా.

ఆదివారం వచ్చింది.

బేస్‌మెంటు పైభాగంలో, నేల మట్టాన, సన్నటి అద్దాల కిటికీలు. బయట ఆకులు వచ్చి వాటిని రాస్తున్నాయి. లోపల అరవై మంది. పొడవాటి బల్ల మీద తెల్లగుడ్డ. తాతలు, నాయనమ్మలు, కరోనాలో పోయినవాళ్లు, పురిట్లో పోయిన ఒక పసిగుడ్డు. చివర నుంచి మూడో ఫోటో యోహాను — తెల్లచొక్కా, నూనె పెట్టి దువ్విన తల.

బ్రైడీ నల్లకోటు వేసుకుని వచ్చింది. ఆఖరి వరసలో స్టెఫీ పక్కన కూర్చుంది. తెలుగు ఒక్క ముక్క రాని మనిషి, తల వంచుకుని, ఒక్క పేరు కోసం చెవులు పెట్టుకుని కూర్చుంది.

జ్ఞానవతి సంచిలో ఫోటో ఉంది.

ప్రేమానందం గారు కళ్లద్దాలు సర్దుకుని చదివారు. ఒక పేరు. ఒక కొవ్వొత్తి. ఒక పేరు. ఒక కొవ్వొత్తి. మైనం వాసన, మల్లెపూల సెంటు వాసన, వెనక గదిలోంచి బిర్యానీ వాసన.

"ప్రభువునందు నిద్రించిన మన సహోదరుడు యోహాను గారు."

జ్ఞానవతి లేచింది. బల్ల దగ్గరకు నడిచింది. కొవ్వొత్తి వెలిగించింది. ఏటా అక్కడి నుంచి తిరిగి వచ్చి కూర్చునేది. ఈసారి తిరగలేదు.

సంచిలోంచి నోరాను తీసింది. యోహాను పక్కన పెట్టింది.

ప్రేమానందం గారు గొంతు సవరించుకున్నారు. అమ్మా... అన్నారు మెల్లిగా.

"ఒక్క సాక్ష్యం చెప్పుకుంటానండి," అంది జ్ఞానవతి. గొంతు చిన్నగానే ఉంది. వంటింట్లో మాట్లాడినట్టే ఉంది.

"మా ఆయన నిద్రపోలేదండి. సారా కొట్టు ముందర కాలవలో బోర్లా పడి పోయాడు. నేనే లాగాను. గుండెపోటని మా అల్లుడికి అబద్ధం చెప్పింది కూడా నేనే. ఆరేళ్ల నుంచీ ఇక్కడ ఆయన పేరు చదువుతున్నారు. ఆయనకి అక్కడేం పని అని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు."

కుర్చీలు కిర్రుమన్నాయి. డేవిడ్‌సన్ తల తిప్పి ఎమిలీని చూశాడు. ఎమిలీ నేలను చూస్తోంది.

"ఈ పిల్ల పేరు నోరా. పంతొమ్మిదేళ్లు. ఈ పిల్లని మాత్రం అడిగానండి. ఈ నోటితోనే అడిగాను, వాళ్లక్క ముఖాన. అది నా పాపం. ఈ పిల్ల కూడా నిద్రపోలేదు. ఎవరూ నిద్రపోనివ్వలేదు. సంచి పెట్టి చంపారు. ఏం పని అని వాణ్ణి అడగండి. మన పిల్లలు అడిగితే అదే చెప్పండి."

అంతే అంది. ఏడుస్తుందని కొందరు ఎదురుచూశారు. ఏడవలేదు. అగ్గిపుల్ల గీసి చేత్తో పట్టుకుని ప్రేమానందం గారి వైపు చూసింది.

పేరు చదవాలి. చదివితేనే వెలిగించాలి. అదీ పద్ధతి. పద్ధతి తప్పడం ఆమెకు ఇష్టం లేదు.

పుల్ల కాలి వేళ్ల దాకా వచ్చింది. ఊదేసింది. ఇంకోటి గీసింది.

వెనక వరసలో బ్రైడీ లేచింది. ఏం జరుగుతోందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. నోరా అన్న మాట ఒక్కటే విన్నది. అది చాలు. కుర్చీల మధ్యగా నడిచి వచ్చి జ్ఞానవతి పక్కన నిలబడింది.

డేవిడ్‌సన్ కదలలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని బల్ల మీది మామగారి ఫోటోనే చూస్తున్నాడు, కొత్త మనిషిని చూసినట్టు.

ఎమిలీ తల్లి ముఖం చూడలేదు. పెదవి బిగించే ఉంది, కోపం అలాగే ఉంది. ఇంటికి వెళ్లాక ఏమంటుందో తెలియదు. ఏమీ అనకపోయినా అనకపోవచ్చు, ఆ ఇంట్లో అది అలవాటే. కానీ లేచింది. తన కుర్చీ దగ్గరే, అలాగే, నిలబడింది.

రెండో పుల్లా ఆరిపోయింది.

ప్రేమానందం గారు కళ్లద్దాలు తీశారు. తుడుచుకున్నారు. పెట్టుకున్నారు. చేతిలో కాగితం ఉంది. కాగితం మీద ఆ పేరు లేదు. ఆయన పెదవులు కొద్దిగా విడివడ్డాయి... అది పేరో, ప్రార్థనో, కాదనడమో.

జ్ఞానవతి మూడో పుల్ల తీసింది. కూర్చోదు.



పైన కిటికీ అద్దాల అవతల — గాలి లేచింది. ఎండుటాకులు లేచాయి. అద్దానికి తగులుతున్నాయి, జారుతున్నాయి, మళ్లీ వచ్చి తగులుతున్నాయి... లోపల ఎవరో తమ పేరు పిలుస్తారని విన్నట్టు.